కింద దాగిన గడ్డం

దీపాన్ని పక్కవాటుగా పెట్టి ఆ కంచు నాణేన్ని మెల్లగా తిప్పుతాను. పైన బైజాంటియం చక్రవర్తి హెరాక్లియస్, పక్కన కొడుకు. అంచున మాత్రం ఇంకెవరిదో గడ్డం! 602లో చక్రవర్తి మారిస్‌ను దింపి గద్దెనెక్కి, ఆయన్ని చంపించిన ఫోకస్‌ది కాబోలు. 610లో అతని తల తీయించింది ఈ పైనున్నాయనే. పర్షియా యుద్ధం నెత్తిమీదుంటే కొత్త బిళ్ళలు చేసే తీరికెక్కడిది? పాతదాని మీదే అచ్చు కొట్టేశారు. నలభై నుమ్మీల విలువ చెప్పే ‘ఎం’ కాళ్ళ మధ్య పాత ‘ఎం’ కాలొకటి అడ్డంగా దూరింది.

నాకిలాంటి కలగాపులగం నాణేలే ఇష్టం. రాజు పేరే లేని తర్వాతి కాలపు క్రీస్తు నాణేల వరుస తేలడానికి సాయపడ్డవీ ఇవే: పైనున్న అచ్చు తర్వాతిది, అంతే.

గడ్డం పక్కన ‘ఎఫ్’ లాంటిదేదో కనిపిస్తోంది. అక్షరమో, గీకుడో. దీపం ఇంకాస్త వంచాలి.