ప్లేబ్యాక్ పాడే కారు!

'కుర్రకారు' అనే మాటలోనే కారు ఉంది. అందుకేనేమో, తెరమీద హీరో ముఖం కంటే ముందు కారు బానెట్ కనబడినా హాల్లో ఈలలు పడతాయి! మన పాత సినిమాల్లో ఛేజింగ్ అంటే ఒక అంబాసిడర్, దాని వెనకాల ఒక ఫియట్, మలుపులో ఒక కూరగాయల బండి బోల్తా... అంతే. అయినా ఊపిరి బిగబట్టి చూశాం. అలా చూసినవాళ్ళకీ, ఇవాళ సెల్‌ఫోన్‌లో విదేశీ కార్ల వీడియోలు చూసేవాళ్ళకీ కలిపి ఒకే ఒక యాత్రాస్థలం చెప్పమంటే, నేను చెప్పేది జర్మనీలోని మ్యూనిక్ నగరం.

అక్కడే బి.ఎం.డబ్ల్యు. వారి కొత్త ఎం-5 కారును మొదటిసారి దగ్గరగా చూశాను. లోపల కూర్చున్నాను కూడా. నడిపారా అంటారా? ఊరికే చూడ్డానికి వచ్చినవాడి చేతికి రెండు కోట్ల కారు తాళం ఎవరిస్తారండీ!

నాలుగు సిలిండర్ల మేడ

మ్యూనిక్ నడిబొడ్డు మరియన్‌ప్లాట్జ్. అక్కడ భూగర్భ రైలు యు-3 ఎక్కితే పావుగంటలోపే ఒలింపియాజెంట్రుమ్ స్టేషన్ వస్తుంది. మెట్లెక్కి పైకి రాగానే ఒకవైపు 1972 ఒలింపిక్స్ జరిగిన పార్కు, దాని మీద సాలెగూడు పరిచినట్టు గుడారాల కప్పు. మరోవైపు, ఇంజన్‌లోంచి నాలుగు సిలిండర్లు ఊడదీసి నిలబెట్టినట్టు ఒక మేడ. ఇంచుమించు వంద మీటర్ల ఎత్తు. అదే బి.ఎం.డబ్ల్యు. వారి హెడ్డాఫీసు. ఆస్ట్రియా వాస్తుశిల్పి కార్ల్ ష్వాంజర్ గీసిన బొమ్మ.

ఈ మేడ కట్టిన తీరు మరీ గమ్మత్తు. మామూలుగా కింది అంతస్తు మీద పై అంతస్తు కడతారు కదా? ఇక్కడ నడుమ ఒక కాంక్రీటు స్తంభం లేపి, అంతస్తుల్ని కింద తయారుచేసుకుని, జాకీలతో పైకి లాగి వేలాడదీశారు. అంటే మేడ నేలమీద కూర్చుని లేదు, పైనుంచి వేలాడుతోంది! దాని పక్కనే గుండ్రంగా ఉన్న మ్యూజియం. 1973లో తెరిచిన ఆ కట్టడాన్ని ఊరివాళ్ళు ముద్దుగా 'సలాడ్ గిన్నె' అంటారట. మనవాళ్ళు చూస్తే 'గంగాళం' అని ఉందురు.

అన్నట్టు, ఈ రెండు కట్టడాలూ సినిమాల్లో నటించాయి సుమండీ! 1975లో నార్మన్ జ్యూయిసన్ 'రోలర్‌బాల్' తీశాడు. జేమ్స్ కాన్ హీరో. దేశాలూ ప్రభుత్వాలూ పోయి ప్రపంచమంతా కొన్ని పెద్ద కంపెనీల చేతిలోకి పోయిందని కథ. ఆ కంపెనీల్లో ఒకదాని ఆఫీసుగా తెరమీద కనబడేవి ఈ సిలిండర్ల మేడా, ఈ గంగాళమే. సినిమాలో ఆ 'భవిష్యత్తు' ఏ సంవత్సరమనుకున్నారు? 2018! ఆ భవిష్యత్తు కూడా మనకి గతమైపోయింది. చిత్రంలో రక్తపు ఆట సాగే ఇండోర్ స్టేడియం ఈ ఊళ్ళోదే. దాని పేరు ఇప్పుడు 'బి.ఎం.డబ్ల్యు. పార్క్'. కథ నిజమైందో, నిజమే కథయిందో మీరే చెప్పాలి.

1977లో డారియో అర్జెంటో తీసిన దెయ్యాల చిత్రం 'సస్పీరియా'లో కూడా ఈ ఆఫీసు ముంగిట ఒక సన్నివేశం ఉంది. హీరోయిన్ జెస్సికా హార్పర్ మంత్రగత్తెల గుట్టు తెలుసుకునేది ఇక్కడే. కార్ల కంపెనీ వాకిట్లో మంత్రగత్తెల కబుర్లు!

హీరో ఎంట్రీ

వంతెన దాటితే 'బి.ఎం.డబ్ల్యు. వెల్ట్'. వెల్ట్ అంటే జర్మన్ భాషలో ప్రపంచం. 2007లో తెరిచారు. ఒక మూలన శివుడి డమరుకాన్ని నిలబెట్టి మెలితిప్పినట్టు గాజు గోపురం. అందులోంచి మబ్బులా పాకిన ఉక్కు కప్పు. టిక్కెట్టు లేదు. ఎవరైనా లోపలికి పోవచ్చు, నచ్చిన కారులో కూర్చోవచ్చు. ఎవరూ కసరరు.

కారు కొన్నవాళ్ళు ఇక్కడికే వచ్చి బండి తీసుకోవచ్చు. ఆ తంతు చూసి తీరాలి. కొన్నవాళ్ళు పెద్ద మెట్లదారి మీద నుంచి కిందికి దిగుతూ ఉంటారు. కింద తిరిగే వేదిక మీద, దీపాల వెలుగులో, వాళ్ళ కారు మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అచ్చం మన సినిమాల్లో హీరో పరిచయం షాటే. ముందు బూటు, తర్వాత భుజం, చివరికి ముఖం! ఒక పెద్దాయన మెట్ల మధ్యలో ఆగిపోయి కళ్ళజోడు తుడుచుకున్నాడు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని కిందికి నడిపించింది. ఇనుమూ రబ్బరూ కలిసిన ఒక వస్తువు మనిషిని అంత కదిలించగలదా అనిపించింది. కదిలిస్తుంది, నేనే చూశాను.

ఇక మన హీరో ఎం-5. ఈ తరం కారు 2024 జూన్‌లో లోకానికి పరిచయమైంది. అదే ఏడాది నవంబరులో ఇండియాకి వచ్చింది. అప్పటి షోరూమ్ ధర 1 కోటీ 99 లక్షలు! బి.ఎం.డబ్ల్యు. వారికి 2007 నుంచీ చెన్నై దగ్గర ఫ్యాక్టరీ ఉన్నా, ఈ బండి మాత్రం పూర్తిగా తయారై ఓడలో రావలసిందే.

మొదటి చూపులో తోచింది ఒక్కటే - వెడల్పు. చక్రాల మీది రేకు పొగరుగా ఉబ్బి, కుస్తీ పట్టుకు సిద్ధమైన పహిల్వాన్ భుజాల్లా ఉంది. అయిదు మీటర్లు దాటిన పొడుగు. ముందు 20 అంగుళాల చక్రాలు, వెనక 21. వెనక నాలుగు పొగగొట్టాలు. తలుపు మూస్తే 'ధప్' అని పాత ఇనప్పెట్టె మూసిన చప్పుడు. లోపల సీటు మనల్ని పట్టుకుని వదలదు. స్టీరింగు మీద రెండు ఎర్ర బొత్తాములు. నొక్కితే బండి స్వభావమే మారిపోతుందట. నలుగురు హాయిగా కూర్చోవచ్చు. పెట్టెలు వెనక సర్దుకోవచ్చు. పెళ్ళికీ పనికొస్తుంది, పందేనికీ పనికొస్తుంది. ఈ జాతి కార్ల అసలు రహస్యం అదే.

ఇందులో రెండు గుండెలున్నాయి. ఒకటి పెట్రోలు తాగే 4.4 లీటర్ల వి-8 ఇంజన్. రెండోది కరెంటు మోటారు. రెండూ కలిస్తే 727 హార్స్‌పవర్. వెనక పెట్రోలు మూత, ముందు రెక్క మీద కరెంటు మూత. కరెంటు మీద ఒక్కటే సుమారు 65 కిలోమీటర్లకు పైగా పోతుంది, అదీ చడీచప్పుడూ లేకుండా.

బరువెక్కిన హీరో

ఇక్కడో చిన్న లెక్క చూడండి. మొట్టమొదటి ఎం-5 1984లో తయారైంది. 286 హార్స్‌పవర్. బరువు సుమారు 1,430 కిలోలు. పైకి చూస్తే గుమాస్తా ఆఫీసుకు పోయే బండిలా అమాయకంగా ఉండేది. ఆ చొక్కా కింద దాచింది మాత్రం రేసు కారు వంశపు ఇంజన్. పగలు గుమాస్తా, రాత్రి వీరుడు అయిన డబుల్ యాక్షన్ హీరో అన్నమాట! ఆ తరం బండ్లు మొత్తం సుమారు 2,200 మాత్రమే తయారయ్యాయి.

ఇప్పటి బండి బరువు? 2,435 కిలోలు! అంటే పాత బండి మీద టన్ను ఎక్కువ. 2017లో వచ్చిన ఎం-5 600 హార్స్‌పవర్‌తో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 3.4 సెకన్లలో చేరేది. ఇప్పటిది 727 ఉండి 3.5 సెకన్లు తీసుకుంటోంది. అంత బలం పెంచీ పదోవంతు సెకను వెనకబడింది! పెంచిన బలమంతా పెరిగిన ఒంటిని మోయడానికే సరిపోయింది. బ్యాటరీ బరువు, మోటారు బరువు, పొగ తగ్గించమనే చట్టాల బరువు... పాపం, హీరో తిని లావెక్కలేదు, బాధ్యతలతో లావెక్కాడు.

పాడేది ఎవరు?

అసలు కథ ఇప్పుడు వస్తుంది. ఇవాళ్టి ఇలాంటి కార్లలో గాజులు మందం, తలుపులు బిగువు, ఇంజన్‌కి టర్బోలు. బయటి చప్పుడు మీద చట్టాల ఆంక్షలు వేరే. దాంతో లోపల కూర్చున్నవాడికి ఇంజన్ గొంతు సరిగ్గా వినబడదు. వినబడకపోతే ఇంత డబ్బు పోసినవాడికి సరదా ఏముంది? అందుకని 2011లో వచ్చిన ఎం-5లో ఒక చిట్కా పెట్టారు. ఇంజన్ తిరిగే వేగానికి సరిపడా దాని ధ్వనిని కారులోని స్పీకర్ల ద్వారా కలిపి వినిపించడం! అప్పట్లో కార్లప్రియులు 'ఇది మోసం' అని గోల పెట్టారు.

మనకి మాత్రం ఇందులో వింతేముంది? ఎన్‌టీఆర్ పెదవి కదిపితే ఘంటసాల పాడలేదూ? ఏఎన్నార్‌కీ ఆయనే పాడలేదూ? గొంతు ఒకరిది, ముఖం ఒకరిది. అయినా కన్నీళ్ళు మనవే! ఇదీ ప్లేబ్యాకే. ఇంకా విచిత్రమేమిటంటే, 'గ్లాడియేటర్', 'ఇంటర్‌స్టెల్లార్' సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఈ కంపెనీ కరెంటు కార్ల కోసం ధ్వనులు కూర్చాడు. గొంతులేని కారుకు ఏకంగా సంగీత దర్శకుడే వచ్చాడు మరి!

ఇక సినిమావాళ్ళు కార్లకు చేసిన మాయలు ఇన్నీ అన్నీ కావు. 1998లో జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన 'రోనిన్'లో పారిస్ వీధుల్లో బి.ఎం.డబ్ల్యు. వెంట ప్యూజో తరుముతుంది. నటులు నిజంగానే నడిపారనిపిస్తుంది. కిటుకేమిటంటే, కుడివైపు స్టీరింగు ఉన్న బండ్లు తెచ్చి, ఎడమవైపు ఉత్తుత్తి స్టీరింగు బిగించారు. నటుడు ఎడమపక్క తిప్పుతుంటే, అసలు డ్రైవరు కుడిపక్క నడిపాడు. 1997 నాటి బాండ్ చిత్రం 'టుమారో నెవర్ డైస్'లో పియర్స్ బ్రాస్నన్ వెనక సీట్లో పడుకుని ఫోన్‌తో బి.ఎం.డబ్ల్యు. 750ని నడుపుతాడు కదా! నిజానికి స్టంట్ డ్రైవరు లోపల నక్కి, చిన్న టీవీ తెర చూస్తూ నడిపాడు. కథ హాంబర్గ్‌లో, కార్ల పార్కింగులో తీసిన షాట్లు లండన్‌లో!

ఒక్కటి మాత్రం వీటన్నిటికీ వేరు. 1976లో ఫ్రెంచి దర్శకుడు క్లోద్ లెలూష్ 'రాండేవూ' అని ఎనిమిది నిమిషాల చిత్రం తీశాడు. ఆగస్టు తెల్లవారుజామున పారిస్ వీధుల్లో ఒకే షాట్. కట్ లేదు. కారు ముందు కెమెరా కట్టి, ఎర్ర దీపాలు దాటేస్తూ, మోన్‌మార్త్ కొండ దాకా పరుగు. వినబడే గర్జన ఫెరారీది. నడిచిన కారు మాత్రం మెర్సిడెస్ 450 ఎస్.ఇ.ఎల్. సెడాన్! అంటే ఆ గొంతు కూడా ప్లేబ్యాకే.

కానీ ఆ వీధిలో పావురాలు నిజం. చెత్తబండి నిజం. రోడ్డు దాటుతున్న మనుషులు నిజం. వాళ్ళకి తాము ఒక సినిమాలో ఉన్నామని తెలియదు. ఎవరూ వాళ్ళని అడగలేదు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మనం దాన్ని కళాఖండం అంటున్నాం. అయి ఉంటే ఏమనేవాళ్ళం?

రోడ్డు మీద రీటేక్ లేదు

జర్మనీ ఆటోబాన్ రోడ్లలో చాలాచోట్ల వేగానికి హద్దు లేదన్నది నిజమే. అయితే 130 దాటవద్దని 1978 నుంచీ సలహా ఉంది. అక్కడ ఎదురుగా బండి రాదు, కూడలి లేదు, ఆవు లేదు, అడ్డంగా పరిగెత్తే పిల్లవాడు లేడు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో హద్దును 120కి పెంచారు. ఆ వేగంలో సెకనుకి 33 మీటర్లు పోతాం. ఎం-5 మామూలు గరిష్ఠ వేగం 250. ఆ వేగంలో సెకనుకి 69 మీటర్లు, అంటే ఒక్క సెకనులో మూడు క్రికెట్ పిచ్‌లు దాటేసినట్టు! ఇంకో సంగతి. వేగం యాభై నుంచి రెండువందల యాభైకి అయిదింతలైతే, బ్రేకు చంపవలసిన శక్తి అయిదింతలు కాదు, పాతిక రెట్లు. ఆ పైన రెండున్నర టన్నుల ఒళ్ళు. అందులోనూ లోపల అంతా మెత్తగా, చల్లగా, పాటలా ఉంటుంది. ఎంత వేగంలో ఉన్నామో ఒంటికి తెలియదు. ప్లేబ్యాక్‌లో ఉన్న ప్రమాదం అదే. విన్నది నిజం కాకపోయినా, తగిలేది నిజం.

మరి కారు బాగుందా, లేదా? బాగుంది. బలం కంటే నాకు నచ్చింది ఆ మౌనం. 727 గుర్రాల్ని కట్టేసుకుని కూడా, తెల్లవారకముందు వీధిలో ఏ పసిపిల్లనీ నిద్ర లేపకుండా పోగలదు. అలాంటి బలవంతుడే నిజమైన హీరో. పక్కింటి కిటికీలు అదిరేలా సైలెన్సర్ పీకేసి బైకు నడిపే తమ్ముళ్ళు ఈ ఒక్క సంగతి దీని దగ్గర నేర్చుకున్నా చాలు.

మ్యూనిక్ పోయే అవకాశం వస్తే ఓ పూట అక్కడ గడపండి. మ్యూజియానికి టిక్కెట్టుంది, వెల్ట్‌కి లేదు. సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఫోటో దిగవచ్చు. బండి అంగుళం కదలదు. అయినా ఆ కాసేపూ మీరే హీరో!