ఆ వారం మేం దాచిపెట్టిన సంగతి

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా ఎరుకల కాలనీ ఒకప్పుడు ఊరి బయట ఉండేది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు. కదిలింది మేం కాదు, ఊరు. పందులు మాత్రం అప్పటిలాగే మురుగుకాల్వ వెంట తిరిగి సాయంత్రానికి దొడ్డికి చేరతాయి. మా పుస్తకాలు, బస్సు పాసులు వాటి మీద వచ్చినవే.

పోయిన వేసవి సెలవులకి వెళ్లేసరికి పెద్దనాన్న వాళ్ల సూడి పంది మేత ముట్టట్లేదు. ఒళ్లు కాలిపోతోంది, చెవులు ఎర్రబడి నల్లగా తిరిగాయి. మూడో రోజు చచ్చిపోయింది. తర్వాత పక్క దొడ్డిలో రెండు. పశువుల డాక్టర్‌కి ఫోన్ చేద్దామన్నాం. "చెప్తే మున్సిపాలిటీ వాళ్లొచ్చి ఉన్నవన్నీ లారీ ఎక్కిస్తార్రా, ఊరుకోండి" అన్నారు పెద్దనాన్న. ఆయన భయం ఉత్తది కాదు. 2009లో స్వైన్ ఫ్లూ మనిషి నుంచి మనిషికి అంటుతుంటే కూడా జనం మన దొడ్లవైపే చూశారు.

ఊరుకున్నాం. చచ్చినవాటిని రాత్రిపూట కాల్వలో వేశాం. జ్వరం తగిలిన రెండింటిని చవగ్గా కోతకి అమ్మేశాం. రాయడానికి సిగ్గుగానే ఉంది. నెల తిరక్కుండా కాలనీలో సగం దొడ్లు ఖాళీ.

తర్వాత చదివితే తెలిసింది. ఇలా చంపే రోగాలు ముఖ్యంగా రెండు. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కి మన దేశంలో టీకా ఉంది. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మొదటిసారి బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి మందు లేదు. అదని తేలితే చుట్టూ కిలోమీటరు లోపు పందుల్ని చంపేస్తారు, దానికి నష్టపరిహారం ఇచ్చే పద్ధతీ ఉంది. ఈ ముక్క కాలనీలో ఎవరికీ తెలీదు. రెండు రోగాలూ కంటికి ఒకేలా ఉంటాయి, ల్యాబ్‌లో చూస్తేనే తేడా. మేం శాంపిల్ ఇవ్వలేదు కాబట్టి మాది ఏదో ఎప్పటికీ తెలీదు. టీకాతో ఆగేదేనేమో అన్న ఆలోచన మమ్మల్ని వదలట్లేదు.

ఈ రెండూ మనుషులకి అంటవు. మెదడువాపు వేరు: ఆ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది, దోమ కుడితే మనకొస్తుంది, మాంసం తింటే కాదు. బద్దెపురుగు ఇంకో కథ. మనిషి మలం తిన్న పంది కండలో తిత్తులు పడతాయి. ఆ మాంసం సరిగా ఉడక్కపోతే మన పేగుల్లో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మురికి చేతుల ద్వారా నోట్లోకి పోతే మెదడులో తిత్తులు, ఫిట్స్. అంటే కాలనీకి మరుగుదొడ్లు కట్టకపోవడాన్ని కూడా పంది ఖాతాలోనే రాస్తున్నారన్నమాట!

ఇప్పుడు హోటల్ కుడితిని అరగంట మరిగించి, చల్లారాకే పోస్తున్నాం. అందులో పంది మాంసం ముక్క ఉన్నా రోగం రావచ్చు. కట్టెల ఖర్చు పెరిగింది. కొత్తగా కొన్న పందిని నెలరోజులు విడిగా కట్టేస్తున్నాం. బేరగాళ్లని దొడ్డిలోకి రానివ్వట్లేదు. "నా పందిని చూడ్డానికి నేను చెప్పులు మార్చుకోవాలా?" అని పెద్దనాన్న మొదట్లో నవ్వారు. మొన్న ఒక పిల్ల పాలు తాగకపోతే ఆయనే డాక్టర్ నంబర్ అడిగారు.

తిరగనివ్వకుండా కట్టేయాలంటే మాత్రం చోటు కావాలి. ఊరి బయటికి తీసుకెళ్లమంటారు. ఊరి బయట మనకి భూమెక్కడిది? అందరికీ కలిపి ఒక షెడ్డు స్థలం ఇమ్మని కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాం. మీ ఊళ్లో ఎవరికైనా అలా స్థలం వచ్చి ఉంటే, ఏ కాగితాలు అడిగారో కింద రాయండి. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాం.