తెలుగు పేజీ కొసరు కాదు

వెబ్‌సైట్లు డిజైన్ చేసి బతికే మాలాంటి వాళ్లకి హైదరాబాద్‌లో తరచూ వినపడే మాట ఒకటుంది. ఇంగ్లిష్ సైట్‌కి రేటు మాట్లాడుకుని, బేరం అయిపోయి, ఫోన్ పెట్టేసే ముందు అంటారు: “అదే మ్యాటర్ తెలుగులో కూడా పెట్టేయండి. ఎలాగూ చేస్తున్నారు కదా, ఫ్రీగా వేసేయండి.”

కూరగాయలు తూకం వేశాక పైన రెండు పచ్చిమిరపకాయలు అడుగుతాం చూడండి, అలా అన్నమాట. తెలుగు అంటే కొసరు.

మాది మాదాపూర్‌లో ఇద్దరు మనుషుల స్టూడియో. డిజైన్ నాది, కోడ్ నా ఫ్రెండ్‌ది. అయ్యప్ప సొసైటీలో రెండో అంతస్తులో ఒక గది. కింద టిఫిన్ సెంటర్, అటూ ఇటూ హాస్టళ్లు. పెద్ద కంపెనీల పని మా దాకా రాదు. డెంటల్ క్లినిక్‌లు, బొటీక్‌లు, ట్యూషన్ సెంటర్లు, ఇంట్లో పిండివంటలు చేసి అమ్మేవాళ్లు, వీళ్లే మా క్లయింట్లు. వాళ్ల కస్టమర్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. అయినా కొటేషన్‌లో ‘తెలుగు పేజీలు’ అని విడిగా ఒక లైను, దాని ఎదురుగా ఒక అంకె కనపడితే చాలు, “దీనికి కూడా డబ్బులా?” అంటారు.

ఆ ఆశ్చర్యం వాళ్ల తప్పేం కాదు. మా ఏరియా సంగతే చూడండి. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టిందీ ఆ ఏడాదే. అప్పట్నుంచి ఇక్కడ బోర్డు మీద ఇంగ్లిష్, లిఫ్ట్‌లో తెలుగు, క్యాంటీన్‌లో హిందీ. నోటితో తెలుగు మాట్లాడినా స్క్రీన్ మాత్రం ఇంగ్లిష్‌దే అని అందరికీ అలవాటైపోయింది. తెలుగు కావాలంటే ఎక్కడో ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే అదే వచ్చేస్తుంది అనుకుంటారు.

అలా రాదండీ. ఎందుకు రాదో చెప్తాను.

‘స్త్రీ’ అని రాశాం అనుకోండి. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ ఆరింటినీ కలిపి ఏది పైన, ఏది కింద, ఏది పక్కన అని పేర్చే పని ఫాంటూ, ఫోనూ కలిసి చేస్తాయి. ఆ పేర్పులో ఎక్కడ తేడా వచ్చినా అక్షరం విరిగిపోతుంది. పాత ఫోన్లలో ఒత్తులు పక్కకి జారిపోవడం, అక్షరాల మధ్య చుక్కల సున్నాలు రావడం మీలో చాలామంది చూసే ఉంటారు.

‘సాఫ్ట్‌వేర్’ ఇంకో తమాషా. మామూలుగా టైప్ చేస్తే ‘సాఫ్ట్వేర్’ అని వస్తుంది. ఫ కింద ట ఒత్తు, దానికి తోడు వ ఒత్తు కలిసి ముద్దగా కనపడతాయి. విడగొట్టాలంటే మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. ‘ఇక్కడ కలపకు’ అని ఫాంట్‌కి చెప్పడమే దాని పని. ‘వెబ్‌సైట్’ అన్న మాటకీ అది కావాలి. అంటే మా వృత్తి పేరు సరిగ్గా రాయాలన్నా అది ఉండాల్సిందే.

ఇదేదో చాదస్తం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలో చాలా ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం ఆడించింది. ‘జ్ఞానం’లో ఉండే ‘జ్ఞా’నే. దాని మధ్యలో ఆ కనపడని అక్షరం ఉన్న మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. యాపిల్ కంపెనీ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 అని ప్రత్యేకంగా అప్‌డేట్ విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద కంపెనీకి కూడా తెలుగు ‘ఎలాగూ వచ్చేసే’ విషయం కాలేదు మరి.

ఇక మ్యాటర్. క్లయింట్ల దగ్గర తెలుగు మ్యాటర్ ఉంటుంది. పాంప్లెట్‌దో, ఓపెనింగ్ ఇన్విటేషన్‌దో. డీటీపీ షాపులో అను ఫాంట్స్‌లో కొట్టించినది. కాగితం మీద చక్కగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులూ, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ వస్తాయి. ఎందుకంటే ఆ ఫైల్‌లో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడిగారు. తెలుగు అక్షరాలకి సొంత కోడ్‌లు ఇచ్చింది యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఫోన్‌లో మనం కొట్టే తెలుగంతా అదే. అందుకని డీటీపీ మ్యాటర్‌ని కన్వర్టర్‌లో వేసి, తర్వాత ఒక్కో లైను చదివి దిద్దాలి. కొన్నిసార్లు మొదటి నుంచి టైప్ చేయడమే నయం. మ్యాటర్‌ని ఫొటో తీసి సైట్‌లో పెట్టేస్తే పని తేలికే. కానీ ఫొటోలో ఉన్న తెలుగుని గూగుల్ సెర్చ్ సరిగ్గా పట్టుకోలేదు, చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించలేదు, వేలితో పట్టుకుని కాపీ చేద్దామన్నా రాదు.

ఫాంట్ల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులమే. సిలికానాంధ్ర వాళ్లు మండలి, మల్లన్న, రామభద్ర, ధూర్జటి, సురవరం లాంటి తెలుగు ఫాంట్లను ఎవరైనా వాడుకునే లైసెన్స్‌తో ఇచ్చారు. వాటిలో చాలావాటిని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆ తర్వాత ఏక్ టైప్ వాళ్ల బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు వచ్చాయి. ‘తమ్ముడు’ అనే పేరుతో ఒక ఫాంట్ ఉందని తెలిసిన రోజు నాకు భలే సరదా వేసింది.

అయితే ఫాంట్ మార్చేసినంత మాత్రాన పేజీ అయిపోదు. ఇంగ్లిష్ అక్షరాలు దాదాపు ఒకే గీత మీద బుద్ధిగా నడుస్తాయి. మనవాటికి నెత్తిన తలకట్లూ గుడులూ, కాళ్ల కింద ఒత్తులూ. ఇంగ్లిష్ పేరాకి లైన్ హైట్ 1.5 ఇస్తే హాయిగా ఉంటుంది. అదే కొలత తెలుగుకి ఇస్తే పై లైను ఒత్తులు వచ్చి కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. మేము 1.7 నుంచి 1.8 దాకా ఇస్తాం. అంటే పేజీ పొడవు పెరుగుతుంది, బటన్ ఎత్తు పెరుగుతుంది, మెనూ రెండు వరసలవుతుంది. మనకి క్యాపిటల్ లెటర్లు లేవు కాబట్టి హెడ్డింగ్‌ని ఎత్తి చూపడానికి వేరే దారి వెతకాలి. చివరికి చూస్తే అది ఇంగ్లిష్ పేజీకి నకలు కాదు, ఇంకో పేజీ.

అన్నిటికన్నా టైమ్ తినేది మాటలు. ఇంగ్లిష్‌లో ‘సబ్మిట్’ అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని చాలా సైట్లలో ‘సమర్పించు’ అని పెడతారు. అప్లికేషన్ పంపుతున్నామో, దేవుడికి నైవేద్యం పెడుతున్నామో తెలియదు. పోనీ ‘పంపు’ అందామా? పెద్దాయనెవరో ఫోన్ పట్టుకుంటే, ఆయన్ని నువ్వు అన్నట్టు ఉంటుంది. ‘పంపండి’ అంటే సరిపోయింది. ఇంగ్లిష్ బటన్‌కి ఈ బాధ లేదు, చిన్నా పెద్దా అందరికీ ఒకటే మాట. తెలుగులో ప్రతి బటన్ దగ్గరా అవతలి మనిషి ఎవరో ఆలోచించుకోవాలి. ‘హోమ్’ని ‘ఇల్లు’ అని రాసిన సైట్ కూడా చూశాను నేను. మెషీన్ అనువాదాలు ఈమధ్య చాలా బాగుపడ్డాయి, మేమూ వాడతాం. కానీ చదివి, దిద్ది, ఇది మా క్లయింట్ కస్టమర్ నోట్లో పలికే మాటేనా అని చూసుకోవాల్సింది మనిషే.

మొత్తం కలిపి, ఐదారు పేజీల సైట్‌కి తెలుగు వేయడం మాకు నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులకే మేము డబ్బు అడిగేది.

అడగడం అంత తేలికేం కాదులెండి. ఒక క్లినిక్ వాళ్లు అంతా ఓకే అనుకున్నాక ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయారు. “వేరేవాళ్లు ఫ్రీగా చేస్తామన్నారు” అని వెళ్లిపోయారు. ఆ నెల ఇంకో పని లేదు. గది అద్దె డేట్ దగ్గర పడుతోంది. నా ఫ్రెండ్ ల్యాప్‌టాప్ మూసి సూటిగా అడిగాడు: “మనం భాషా సేవ చేయడానికి వచ్చామా, బిజినెస్ చేయడానికి వచ్చామా?”

న్యాయమైన ప్రశ్నే. ఇద్దరు మనుషుల స్టూడియోలో ఒక క్లయింట్ పోవడం అంటే నెలలో సగం పోవడం. సేవ అనుకుంటే ఆ లైను తీసేసి ఫ్రీగా చేసేయొచ్చు. బిజినెస్ కాబట్టే తీయలేదు. ఎందుకంటే ఫ్రీగా చేసే పనికి నాలుగు రోజులు ఎవరూ పెట్టరు. అరగంటలో మెషీన్ అనువాదం అతికించి వదిలేస్తారు. ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, బటన్ మీద ‘సమర్పించు’ ఉంటుంది. చూసినవాళ్లు రెండు లైన్లు చదివి ఇంగ్లిష్‌కి మారిపోతారు. అప్పుడు ఓనర్ అంటాడు: “చూశారా, తెలుగు ఎవరూ చదవరు. దీనికి డబ్బు దండగ.” తర్వాతి సైట్‌లో మళ్లీ ఫ్రీగా అడుగుతాడు, మళ్లీ అలాగే వస్తుంది. తెలుగు పేజీలు బాగుండకపోవడానికి జనానికి తెలుగు అక్కర్లేకపోవడం కారణం కాదు. ఆ పనికి విలువ కట్టకపోవడమే కారణం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలంటే, కొటేషన్‌లో ఆ లైను ఉండాలి.

ఇదే మాట వాడికి చెప్పాను. “సరే, మూడు నెలలు చూద్దాం” అన్నాడు.

ఆ మూడు నెలల్లోనే కొండాపూర్‌లో ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక అక్క వచ్చింది. అప్పటికే ఆవిడకి ఇంగ్లిష్ సైట్ ఉంది. అందులో అన్నీ ‘మ్యాంగో పికిల్’లే. ఆవకాయా మ్యాంగో పికిలే, మాగాయా మ్యాంగో పికిలే, తొక్కుడు పచ్చడీ, బెల్లం ఆవకాయా, పెసర ఆవకాయా అన్నీ అదే. కస్టమర్లు సైట్ చూసి, మళ్లీ ఫోన్ చేసి “ఇది ఏదండీ?” అని అడుగుతున్నారు. పచ్చడి కలపాలా, ఫోన్లు ఎత్తాలా అని ఆవిడ బాధ. “నా దగ్గర పన్నెండు రకాలుంటే సైట్‌లో మూడే ఉన్నట్టుంది తమ్ముడూ” అంది. తెలుగు పేజీకి ఆవిడే డబ్బు ఇస్తానంది. గట్టిగా బేరమాడింది కూడా, రెండు విడతలుగా కట్టింది.

ఆ పేజీ చేస్తుంటే ఎన్ని సంగతులో! కొందరు కస్టమర్లు వెల్లుల్లి అంటారు, కొందరు ఎల్లిగడ్డ అంటారు. అక్క రెండూ రాయమంది. ‘కార్ట్’ బదులు ‘బుట్ట’ బాగుందంది. ఆర్డర్ మెసేజ్‌ల దగ్గర ఇంకో చిక్కు. ఒక ఎస్సెమ్మెస్‌లో మామూలు ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగు అయితే 70 మాత్రమే. అందులో ‘స్త్రీ’ లాంటి ఒక్క అక్షరమే ఆరు తినేస్తుంది. అందుకని మాట పొదుపుగా ‘మీ పచ్చళ్లు బయల్దేరాయి’ అని పెట్టాం. ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారట. ఇప్పుడు అక్కకి ఫోన్లు తగ్గలేదు కానీ ప్రశ్న మారింది. ‘ఇది ఏదండీ?’ పోయి, ‘పార్సిల్ ఎప్పుడొస్తుంది?’ వచ్చింది. వ్యాపారంలో ఈ రెండో ప్రశ్నే కదా కావాల్సింది.

తర్వాత అక్క చెప్పగా ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ లైను చూసి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మేము కోటీశ్వరులం కాలేదు, అద్దె మాత్రం టైమ్‌కి కడుతున్నాం. మూడు నెలల గడువు దాటిపోయి చాలా కాలమైంది. లైను అలాగే ఉంది, వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మీలో ఎవరైనా ఫ్రీలాన్స్ డిజైన్ చేస్తుంటే ఒక్క మాట. తెలుగు పనిని కొటేషన్‌లో విడిగా రాయండి. ఎన్ని రోజులు పడుతుందో, ఆ రోజుల్లో ఏం చేస్తారో కూడా రాయండి. అది చదివాక బేరమాడేవాళ్లు ఉంటారు కానీ ఫ్రీగా అడిగేవాళ్లు తగ్గుతారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితమే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటి ఆపకూడదు. దాటితే వడ్డీతో కట్టాలి. “పండగ తర్వాత చూద్దాం” అనే క్లయింట్‌కి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయొచ్చు.

డిజైన్‌తో సంబంధం లేనివాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. ఏ సైట్‌లోనైనా, ఏ యాప్‌లోనైనా తెలుగు బాగుంటే, తెలుగులోనే ఆర్డర్ పెట్టండి. బాగోకపోతే ఊరికే ఇంగ్లిష్‌కి మారిపోకుండా ఒక మెసేజ్ పెట్టండి. ఓనర్లు మా మాట వినకపోయినా కస్టమర్ మాట వింటారు.