మీరాబీ పేరుకేం తక్కువ?

గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలు ఎందరు! అన్నవరం కొండకి మొక్కుకున్న ప్రతి ఇంటా ఒకడు. అందరికీ ఉన్న పేరని వాళ్లనెవరూ వెక్కిరించరు. మా నాగూర్లూ, మస్తాన్లూ అంతే. దర్గా మొక్కుల్లోంచి పుట్టిన పేర్లు. మొక్కుకున్న హిందువుల ఇళ్లలోనూ మస్తానమ్మలున్నారు.

మా పాపకి దాదీమా పేరు మీరాబీ అని పెడదామంటే మాత్రం తమ్ముడు ఒప్పుకోవడం లేదు.

"పాత పేరు భాయ్. వీధికొకరున్నారు. రియా అందాం. ఎవరికీ ఏమీ తెలీదు."

ఆ 'తెలీదు'లోనే ఉంది అసలు సంగతి. అద్దె ఇంటికెళ్లి పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న జవాబు మేమిద్దరం విన్నాం. వాణ్ణి బాధపెట్టేది పేరు పాతది కావడం కాదు, పేరు వినగానే మేమెవరమో తెలిసిపోవడం.

పేరంటే ఉత్త పిలుపు కాదని కోనసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా ఆ పేరే నిలిచింది.

ఎందరికుందో చూసి ఒక పేరు పెట్టుకోవడం, మానుకోవడం ఎవరిష్టం వాళ్లది. భయపడి మానుకుంటే మాత్రం అది ఇష్టం కాదు. రేపు మా పాప మీరాబీ అని చెప్పే ఇల్లు అడుగుతుంది. జవాబు చెప్పుకోవాల్సింది ఊరు.