కురవని మోడం

మా బత్తలపల్లిలో తలెత్తి చూసేవాళ్లంతా మోడం కోసమే చూస్తారు. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2022లో జిల్లాను విడదీసినప్పుడు మేం శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ ఆకాశం మారలేదు. అలాంటి ఊళ్లో కెమెరాను మిద్దె మీద పెట్టుకుని, ఈ రాత్రికి మబ్బు పట్టకుంటే చాలు అనుకునేవాణ్ణి ఏమనాలి? మా చిన్నాయన అననే అన్నాడు: "మోడం వద్దనేవాన్ని నిన్నొక్కన్నే చూస్తాండా రా."

లెక్క చూస్తే మా ఇద్దరికీ తగాదా లేదు. ఆయన ఎదురుచూసే మృగశిర, ఆరుద్ర కార్తెలు జూన్‌లో వస్తాయి. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరున్న రోజులు. కాబట్టి అప్పుడు ఆ చుక్కలు కంటికి ఆనవు. అవే చుక్కలు రాత్రిపూట నడినెత్తికి వచ్చేది డిసెంబరు, జనవరిల్లో. అప్పటికి సెనక్కాయ పీకడం అయిపోయి ఉంటుంది. ఆయన వాన లెక్క, నా ఫొటో లెక్క ఒకే చుక్కల మీద ఆర్నెల్ల తేడాతో నడుస్తాయి. (పప్పుశనగ వేసినవాళ్లు మాత్రం చలికాలంలోనూ ఒక వాన పడితే బాగుండునంటారు. వాళ్ల ముందు నేను నోరెత్తను.)

పైగా నేను వెతికేదీ మబ్బునే. ఆ కార్తెల చుక్కల దగ్గరే ఉండే గొల్లకావడి మూడు చుక్కలకు కాస్త దక్షిణంగా మసకగా కనిపించే మచ్చ ఓరియన్ నెబ్యులా. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో, కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం. ఆ సంగతి చెబితే చిన్నాయన, "కురవని మోడం ఎందుకురా?" అన్నాడు.

దాన్ని మొట్టమొదట ఫొటో తీసింది అమెరికాలో హెన్రీ డ్రేపర్, 1880 సెప్టెంబరు 30న. భూమి తిరుగుడుకు తగ్గట్టు కదిలే టెలిస్కోపుతో, ఒకే పలక మీద, సుమారు 50 నిమిషాల ఎక్స్‌పోజరు. నా ట్రైపాడ్ కదలదు, భూమేమో ఆగదు. చుక్క గీత కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తెలియాలంటే 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించమని ఒక మోటు సూత్రం ఉంది. 50 ఎంఎం లెన్స్‌కు 10 సెకన్లు వస్తుంది. నాలాంటివాళ్ల చిన్న సెన్సారు కెమెరాకు 6 సెకన్లు దాటితే చుక్క గీతవుతుంది. అందుకని డ్రేపర్ 50 నిమిషాలను 6 సెకన్ల చొప్పున 500 ముక్కలు చేసుకోవాలి. ఒక్కో ముక్కలో చూస్తే నెబ్యులా కంటే నాయిసే (ఫొటోలో అడ్డదిడ్డంగా పడే గరుకే) ఎక్కువ. కానీ నాయిస్ ఒక్కో ఫొటోలో ఒక్కోచోట పడుతుంది, నెబ్యులా మాత్రం చుక్కలతో పాటు కదులుతూ వాటి మధ్య తన చోటు వదలదు. డీప్‌స్కైస్టాకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చుక్కకు చుక్క సరిపెట్టి సగటు తీస్తే, 100 ఫొటోలకు నాయిస్ పదోవంతుకు, 500కు ఇంచుమించు ఇరవైరెండో వంతుకు తగ్గుతుంది. అప్పుడు రెక్కలు విప్పుకుని బయటపడుతుంది ఆ మేఘం. ఈ పనిలో నాకు నచ్చింది అదే: ఖరీదైన సామాను లేని లోటును ఓపికతో పూడ్చుకోవచ్చు.

ఆకాశాన్ని ఫొటో తీయడం తెలుగు నేలకు కొత్త కాదు. 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశ పటం పనిలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీ వంతుకు వచ్చింది. 8 అంగుళాల కుక్ టెలిస్కోపుతో గాజు పలకల మీద ఏళ్ల తరబడి ఫొటోలు తీసి, వాటిలోని చుక్కల చోట్లు లెక్కగట్టారు. నా కెమెరాను నిలువుగా పెట్టి నెబ్యులాను నడుమ ఉంచితే, ఫ్రేము అడుగంచున ఆ పట్టీ మొదలు తగులుతుంది. అక్కడి చుక్కలను చూసినప్పుడల్లా కంప్యూటరు లేని ఆ లెక్కగాళ్ల మీద గౌరవం పుడుతుంది.

మా అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలు. ధ్రువ నక్షత్రమూ దిగంతానికి అంతే ఎత్తులో, దుమ్ములో ఉంటుంది. భూమి తిరుగుడుకు తగ్గట్టు కెమెరాను తిప్పే ట్రాకర్‌ను ఆ చుక్కను చూసే సరిపెట్టాలి కాబట్టి, అది కొన్నవాళ్లకు ఇబ్బందే. బదులుగా దక్షిణాకాశం దక్కుతుంది. వేసవిలో ధర్మవరం దీపాల వెలుగుకు పైన, 28 డిగ్రీల ఎత్తున, ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం వస్తుంది. డ్రేపర్ ఊళ్లో అది దిగంతం దాటి సరిగ్గా పైకే రాదు.

మీకూ మనసుంటే టెలిస్కోపు ధరలు వెతకడం మానండి. అమావాస్యకు అటూ ఇటూ రాత్రుల్లో ఉన్న కెమెరాతోనే మొదలుపెట్టండి. ఆటోఫోకస్‌ను నమ్మకండి, పెద్ద చుక్కను తెరమీద పెంచి చూస్తూ, అది సన్నని చుక్కయ్యేదాకా రింగును చేత్తో తిప్పి టేపు అంటించండి. డబ్బు పెట్టాల్సిందేమైనా ఉంటే గట్టి ట్రైపాడ్ మీద పెట్టండి. మన మిద్దెల మీద గాలి తక్కువేం కాదు.