కనిపించని ఆధారం

మానవుడు ఒంటరిగా జీవించలేడన్న మాట మేము బాల్యం నుండి వింటూనే ఉన్నాము. కంప్యూటరు ప్రోగ్రాము కూడ ఒంటరిగా జీవించలేదని మాత్రం ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నప్పుడే అనుభవపూర్వకంగా గ్రహించాము.

మేము నలుగురం సహాధ్యాయులం. ఉపకార వేతనాల ప్రకటనలు హాస్టలు విద్యార్థులకు గడువు ముగిసే వేళకుగాని చేరకపోవడం మమ్ములను బాధించేది. అందువల్ల ప్రకటన పాఠాన్ని ఇచ్చిన వెంటనే ఉర్దూలోను, తెలుగులోను బొమ్మగా కూర్చి ఇచ్చే ప్రోగ్రామును పైథాన్ భాషలో వ్రాశాము. దానిని లాంబ్డా అనే క్లౌడ్ సేవలో ఉంచాము. 2014లో అమెజాన్ సంస్థ ప్రకటించిన ఈ పద్ధతిని సర్వర్‌లెస్ అంటారు. సర్వరు లేదని కాదు, దాని పోషణభారం మనది కాదని అర్థం. అయితే ప్రోగ్రాముకు కావలసిన సామగ్రిని మాత్రం మనమే మూటగట్టి పంపాలి.

మా గదిలో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము అక్కడ అడుగు పెట్టగానే కూలిపోయింది. బొమ్మలు గీసే పిల్లో అనే లైబ్రరీని మేము విండోస్ యంత్రం నుండి మూటగట్టాము; అక్కడ ఉన్నది లినక్సు. ఒకదానికై తయారైన బైనరీ ఫైలు రెండవదానిలో తెరుచుకోదు. లినక్సుకు తగిన ప్రతిని తెచ్చి, దాని వెర్షన్ సంఖ్యను జాబితాలో స్పష్టంగా వ్రాసి మరల పంపాము. ప్రోగ్రాము నడిచింది. మా ఆనందానికి అవధులు లేవు.

అప్పటికి ఒక ప్రకటన గడువు మూడు దినములే ఉన్నది. బొమ్మను మా ఉర్దూ అధ్యాపకులకు చూపించాము. ఆయన కొంతసేపు పరికించి, “అక్షరాలున్నాయి నాయనా, మాట ఏది?” అన్నారు. కలిసి ఉండవలసిన ఉర్దూ అక్షరాలు విడివిడిగా, ఎడమ నుండి కుడికి నిలిచి ఉన్నాయి. తెలుగు వైపు చూస్తే ఒత్తులు విడిపోయి ‘విద్యార్థి’ గుర్తు పట్టరాకుండ ఉన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాము.

రెండు రాత్రులు వెదికాము. అక్షరాలను కలిపి కూర్చే పనికి పిల్లో రాక్మ్ అనే లైబ్రరీపైన, అది ఫ్రిబిడీ అనే మరొకదానిపైన ఆధారపడతాయి. ఫ్రిబిడీ దొరకనప్పుడు పిల్లో ఏ ఫిర్యాదూ చేయక, అక్షరాలను వరుసగా పేర్చి ఊరుకుంటుంది. మాలో ఒకరు ఎన్నడో వేరొక పనికై ఫ్రిబిడీని మా యంత్రంలో చేర్చి మరచిపోయారు! అది పైథాన్ జాబితాలో కనిపించే వస్తువు కాదు. చివరకు 2020 డిసెంబరు నుండి లాంబ్డా అనుమతిస్తున్న కంటైనర్ పద్ధతిని ఆశ్రయించి, ఫ్రిబిడీని, రెండు లిపుల ఫాంట్లను అందులోనే ఉంచి పంపాము. రాక్మ్ లేనిచో ప్రోగ్రాము వెంటనే ఆగి ఆ సంగతి చెప్పేటట్లు ఒక పరీక్షను కూడ చేర్చాము. గడువుకు ముందు దినం ప్రకటన హాస్టలుకు చేరింది.

మొదటి తప్పు కేక వేసింది కనుక ఒక్క పూటలో దొరికింది. రెండవది మౌనం వహించింది. ఆ అధ్యాపకుల కన్నే లేకపోతే అది అట్లే విద్యార్థుల చేతికి వెళ్ళేది. సోదర విద్యార్థులారా! మీ పని మీ గదిలో నెరవేరినంత మాత్రాన తృప్తి చెందకండి. అది దేనిపై నిలిచి ఉన్నదో ఒక కాగితంపై వ్రాసుకొనండి. మా కాగితంలో ఫ్రిబిడీ పేరు క్రింద, ఆ అధ్యాపకుల పేరు కూడ వ్రాసుకున్నాము.