నాలుగు సెకన్ల చార్మినార్

చార్మినార్‌ను పగలు చూడటం వేరు, రాత్రి చూడటం వేరు. పొద్దుగూకి దీపాలు వెలిగాక, గచ్చుతో తీర్చిన పూలూ లతలూ బంగారు పూత పూసినట్టు కనిపిస్తాయి. పక్కనే లాడ్‌బజార్‌లో లక్క గాజుల మీది రాళ్లు తళతళమంటాయి. అందుకే అక్కడికి వచ్చిన ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరి చేతిలో సెల్‌ఫోనో కెమెరానో సిద్ధంగా ఉంటుంది. తీరా ఇంటికెళ్లి చూసుకుంటే... మినార్లు చెదిరిపోయి, దీపాలు తెల్లటి మచ్చలైపోయి, ఆకాశం బొగ్గులా ఉంటుంది! చాలాసార్లు లోపం కెమెరాది కాదు. చీకట్లో దానికి కావలసింది కాస్త సమయం, కదలని చోటు.

ఆ ఇరవై నిమిషాలు

చిత్రమేమిటంటే, రాత్రి ఫొటోకి మంచి వేళ బాగా చీకటిపడ్డాక కాదు. సూర్యుడు అస్తమించిన పావుగంట నుంచి మరో ఇరవై నిమిషాల దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. ఆ నీలం ముందు దీపాల పసుపు చక్కగా ఎత్తి చూపుతుంది. తర్వాత ఆకాశం నల్లబడితే వెలుతురు పడని అంచులన్నీ అందులో కలిసిపోతాయి. కాబట్టి ఎండ ఉండగానే చేరుకుని చోటు చూసుకోవాలి. పత్తర్‌గట్టీ మీదుగా వస్తూ గుల్జార్ హౌజ్ దగ్గర ఆగితే, ఎదురుగా ఉన్న కమాను చట్రంలో చార్మినార్ బొమ్మ కట్టినట్టు ఇమిడిపోతుంది.

స్టాండు ఉంటే...

ట్రైపాడ్ మీద కెమెరా పెట్టాక ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8, షట్టర్ 4 సెకన్లతో మొదలుపెట్టవచ్చు. ఫొటో వెలిసిపోయినట్టుంటే సమయం తగ్గించాలి, చీకటిగా ఉంటే పెంచాలి. బటన్ నొక్కే వేలి అదురుకే ఫొటో చెడుతుంది కనుక 2 సెకన్ల టైమర్ వాడటం మేలు. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజర్ ఆపేయాలి. ముందున్న ఫిల్టర్‌ను తీసేస్తే దీపాల నీడలు ఫొటోలో పడవు. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. దీపం పడుతున్న అంచు మీద ఫోకస్ చేసి, ఆ తర్వాత మాన్యువల్‌కు మార్చేస్తే అది అక్కడే నిలుస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి అక్కడే ఓ కొలబద్ద ఉంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడానికి 1889లో నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. ఫొటోను పెద్దది చేసి గడియారం ముళ్లు చూడండి. ఒకటి రెండుగా కనిపిస్తే కెమెరా కదిలినట్టే!

మనుషులు ఏమైనట్టు?

ఇక్కడే అసలు తిరకాసు. నాలుగు సెకన్ల ఫొటోలో రాయి స్పష్టంగా వస్తుంది. నడిచేవాళ్లు మాత్రం పొగలా సాగిపోతారు. ఎఫ్/16కి మార్చి 16 సెకన్లు ఉంచితే చాలామంది పూర్తిగా మాయమైపోతారు. కదలకుండా నిలబడ్డ బండివాడు ఒక్కడే మిగులుతాడు. ఇసుకేస్తే రాలని చోటు ఊరవతలి కోటలా నిర్మానుష్యమైపోతుంది. క్యాలెండర్‌కు అది బాగానే ఉంటుంది. కానీ రంజాన్ రాత్రుల సందడి, గాజులు బేరమాడే అమ్మలు, చాయ్ గ్లాసులు... ఇవేవీ లేకుండా చార్మినార్ ఎక్కడిది?

వాళ్లు కావాలంటే లెక్క తిరగేయాలి. ఐఎస్ఓను 3200కి పెంచి, 50 ఎంఎం లెన్సును ఎఫ్/2కి తెరిస్తే, ఆ నాలుగు సెకన్ల వెలుతురే సెకనులో 125వ వంతులో అందుతుంది. స్టాండు అక్కర్లేదు. నడక ఆగినట్టు వస్తుంది. కాస్త గరుకు కనిపిస్తుంది, వెనక భాగం కొంత మసకబారుతుంది. అయినా ముఖాలు నిలుస్తాయి. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన లక్క గాజుల దుకాణాల ముందు ఇంకా సులువు. అక్కడి బల్బుల వెలుతురే ముఖాల మీద పడుతుంది.

చేతిలో ఫోనే ఉంటే...

ఫోన్‌లోని నైట్ మోడ్ వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆ రెండు మూడు సెకన్లూ ఫోన్‌ను గోడకో స్తంభానికో ఆనించి పట్టుకోవాలి. ఫొటోలో నిలబడ్డవాళ్లూ కదలకూడదు. అంతకుముందే లెన్సును మెత్తటి బట్టతో తుడవాలి. వేలిముద్ర జిడ్డు ఉంటే ప్రతి దీపం చుట్టూ తెల్లటి మసక వస్తుంది. ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటదు. అది మినార్‌ను వెలిగించదు, ముందు నిలబడ్డవాళ్ల తల వెనక భాగాన్ని మాత్రం వెలిగిస్తుంది! ఇంటిల్లిపాదినీ తీయాలంటే దుకాణం వెలుతురు ముఖాల మీద పడేలా నిలబెట్టి, వెనక చార్మినార్ వచ్చేలా చూసుకుంటే సరి.

కొన్ని జాగ్రత్తలు

పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. జనం మధ్య స్టాండు కాళ్లు చాచితే తట్టుకుని పడిపోతారు. పండగ రాత్రుల్లో దాన్ని ఇంట్లో వదిలేయడమే మంచిది. గాజులు తొడిగించుకుంటున్నవాళ్లనీ, నమాజుకు వెళ్తున్నవాళ్లనీ అడిగాకే తీయాలి. వద్దంటే కెమెరా దించేయాలి. ఒప్పుకుంటే తీసిన ఫొటోను వాళ్లకూ చూపించాలి. ఈసారి వెళ్లినప్పుడు కట్టడానికి ఒకటి, మనుషులకు ఒకటి... రెండు ఫొటోలూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆల్బమ్‌లోకి ఏది వెళ్లాలో ఇంట్లోవాళ్లే చెబుతారు.